సగటు చాటున

ఉమ్మడి కుటుంబం విడిపోయేటప్పుడు ఆస్తి పంపకాల కంటే అప్పు పంపకాల దగ్గరే గొడవ ఎక్కువ. "అందరం సమానంగా తీర్చుకుందాం" అంటారు పెద్దాయన. "అప్పు తెచ్చి మేడ వేసుకున్నది మీరు బావగారూ, పెంకుటింట్లో ఉన్నది మేమూ" అంటుంది తమ్ముడి భార్య.

భూమి వేడెక్కిపోతోందని దేశాలన్నీ కూర్చుని మాట్లాడుకునే సభల్లోనూ జరిగేది ఈ పేచీయే. అక్కడ మన దేశానిది ఆ చిన్నకోడలి గొంతు.

ఆ గొంతు ఎక్కడినుంచి వస్తుందో తెలియాలంటే పామర్రు చుట్టూ ఉన్న వరిచేలు చూడాలి. నీళ్లు నిలిచిన మడిలో, గాలి తగలని బురదలో మీథేన్ అనే వాయువు పుడుతుంది. అదీ భూమిని వేడెక్కించేదే. 2021లో గ్లాస్గోలో వందకు పైగా దేశాలు 2030 నాటికి మీథేన్‌ని 30 శాతం తగ్గిస్తామన్నాయి. మన దేశం ఆ ఒప్పందంలో చేరలేదు. మనకది ఎక్కువగా వచ్చేది వరిమళ్లలోంచి, పశువుల కొట్టాల్లోంచి. మడిని అప్పుడప్పుడు ఆరబెడితే మీథేన్ తగ్గుతుంది, నిజమే. కానీ కలుపు పెరిగితే తీసేదెవరు? ఆ కూలి ఇచ్చేదెవరు? మళ్లీ తడి పెట్టే వేళకి కాలవలో నీళ్లు రాకపోతే?

బతకడానికి పండించే వరి నుంచి వచ్చేదాన్నీ, విలాసానికి తిరిగే కార్ల పొగనీ ఒకే తక్కెట్లో తూచకూడదని 1991లోనే అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ వాదించారు. మరుసటేడు రియోలో కుదిరిన ఒప్పందం కూడా బాధ్యత అందరిదీ అంటూనే, భారం మాత్రం ఎవరికి తగ్గట్టు వారిదంది. మొత్తం పొగలో ఇప్పుడు మనది మూడో స్థానమే అయినా, తలకి పంచితే ఏడాదికి సుమారు 2 టన్నులు. అమెరికాలో అది 14 దాకా ఉంటుంది.

మన వాదన న్యాయమైనదే. అయితే ఈ సగటు అనేది బలే చాటు సుమండీ! విజయవాడలో మూడు గదుల్లో ఏసీలు వేసుకున్న ఇల్లూ, పామర్రు చేలో నడుం వంచి నాట్లు వేసే ఆడకూలి గుడిసే అందులో ఒకటే. ఆమె ఏమీ వాడదు గనకే మన లెక్క అంత తక్కువ. ఆమె లేమి ప్రపంచ సభలో మనకి వాదనగా పనికొస్తోంది. ఆమెకేం ఒరిగింది?

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది పోయారు. దానికి ఈ వేడే కారణమని చెప్పలేం. కానీ సముద్రం లోపలికొస్తే పూరిపాక నిలవదని మన జిల్లాకి తెలిసింది ఆనాడే. రేపైనా ముందు మునిగేవి ఆ పాకలే.

కరెంటు బిల్లు వచ్చినప్పుడు, ఎక్కువ వాడినవాళ్లకి యూనిట్ రేటు ఎక్కువేమిటని మనం విసుక్కుంటాం. మన దేశం లోకాన్ని అడుగుతున్న న్యాయం అచ్చంగా అదే. ఎక్కువ వాడినవాళ్లు ఎక్కువ భరించమని. పెద్దబావగారిని నిలదీసే నోటితో, మన గుమ్మంలో అంట్లు తోమే మనిషికి మనమేం జవాబు చెబుతామో కూడా ఒకసారి అనుకుంటే బావుంటుంది.