పక్కకు జరగడం

అమెరికా సంగీత బృందం ఎర్త్, విండ్ అండ్ ఫైర్ కచేరీ అనగానే ఎవరో ఒకరు అడుగుతారు: 'ఇప్పుడున్నవాళ్లలో అసలువాళ్లెందరు?' ఈ బృందం విషయంలో అసలువాళ్లెవరో తేల్చడమే కష్టం.

దీన్ని కట్టిన మారిస్ వైట్ మెంఫిస్‌లో పుట్టాడు. షికాగోలో చెస్ రికార్డ్స్ పాటలకు డ్రమ్స్ వాయించాడు, తర్వాత జాజ్ పియానిస్ట్ రామ్సే లూయిస్ బృందంలో చేరాడు. ఆ రోజుల్లోనే కలింబా పట్టాడు. రెండు చేతుల్లో ఇమిడే ఆఫ్రికా వాద్యం అది. చెక్క మీద బిగించిన సన్నటి లోహపు బద్దల్ని బొటనవేళ్లతో మీటుతారు. సొంత బృందం కట్టినప్పుడు పేరు తన జాతకంలోంచే తీశాడు. అందులో భూమి, గాలి, నిప్పు ఉన్నాయి, నీరు లేదు. (జాతకం చూసి పేరు పెట్టడం మనకేం వింత కాదులెండి.)

1971లో రెండు ఆల్బమ్‌లు వచ్చాయి. ఆ తర్వాత దాదాపు అందరూ వెళ్లిపోయారు. మిగిలింది మారిస్, బేస్ గిటార్ వాయించే తమ్ముడు వెర్డీన్. ఫిలిప్ బెయిలీ, రాల్ఫ్ జాన్సన్, లారీ డన్ ఆ తర్వాతే చేరారు. 'సెప్టెంబర్' పాటతో లోకం గుర్తుపట్టిన 'అసలు' బృందం నిజానికి రెండో విడత.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది 1994. పార్కిన్సన్స్ జబ్బుతో మారిస్ పర్యటనలు మానేశాడు. డ్రమ్స్‌తో మొదలై కలింబా దాకా వచ్చిన మనిషికి చేతులే మాట వినని రోజులు. తాను లేనిదే బృందం లేదని మూసేయొచ్చు, ఎవరూ తప్పుపట్టేవారు కాదు. మూయలేదు. వేదిక మిగతావాళ్లకు వదిలి, తాను స్టూడియో పనిలో ఉండిపోయాడు.

పూర్తిగా వదులుకోవడమే గొప్ప అని మనం తొందరగా అనేస్తాం. బీరువా తాళాలు కొడుక్కిచ్చి, లెక్క మాత్రం రోజూ అడిగే పెద్దల్ని చూసి విసుక్కుంటాం కూడా. మారిస్ సన్యాసం పుచ్చుకోలేదు. ఒంటికి సాధ్యం కానిది విడిచాడు, సాధ్యమైనంత ఉంచుకున్నాడు. ఈ రెంటి మధ్య గీత గీయడానికి వైరాగ్యం కంటే ఎక్కువ తెలివి కావాలనిపిస్తుంది నాకు. ఆ గీత ఏటేటా జరుగుతుంది కూడా.

2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సత్కారానికి ఆ రెండో విడతవాళ్లు మళ్లీ ఒక వేదికెక్కారు. 2016 ఫిబ్రవరిలో మారిస్ పోయాడు. బృందం ఆగలేదు. బెయిలీ కొడుకు కూడా ఇప్పుడు అందులో పాడుతున్నాడు. వెర్డీన్ బేస్ పట్టుకుని కుదురుగా నిలబడే రకం కాదు, వేదికంతా తనదే.

అందరికంటే ముందు వెళ్లిపోయిన ఆ మొదటి విడతనే ఎవరూ తలుచుకోరు. వేడ్ ఫ్లెమన్స్, షెర్రీ స్కాట్ లాంటివాళ్లు. 1971 నాటి ఆ రెండు రికార్డులు ఇప్పటికీ దొరుకుతాయి. తర్వాత వచ్చిన మెరుపు వాటిలో లేదు. షెర్రీ గొంతు కోసమైనా వినండి.