ఆర్తుని నిష్ఠురము

పుత్రశోకముతో కుమిలిపోవుచున్న తల్లి దేవుని పటము ముందు నిలిచి "స్వామీ, నీకు కన్నులు లేవా?" అని ఏడ్చినచో చుట్టునున్నవారు ఉలిక్కిపడుదురు. "అపచారము! అట్లనరాదు, అంతయు ఈశ్వరేచ్ఛ" అని ఆమె నోరు మూయింతురు. వారి ఉద్దేశము మంచిదే కావచ్చును. కాని ఆ మాటతో ఆమె దుఃఖము తీరదు సరికదా, దానిని చెప్పుకొనుటకు మిగిలిన ఒక్క చోటును లేకుండ పోవును.

మన పెద్దలు ఆ చోటును మూసివేయలేదు. ఇందుకు భద్రాచల రామదాసు చరిత్రయే సాక్ష్యము. నేలకొండపల్లికి చెందిన కంచెర్ల గోపన్న 17వ శతాబ్దమున, గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానాషా ఏలుబడిలో, పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా నుండెను. వసూలైన శిస్తు సొమ్ము వెచ్చించి భద్రగిరిపై శ్రీరామునకు ఆలయము కట్టించెననియు, అందులకై 12 ఏండ్లు చెరసాలలో మ్రగ్గెననియు సంప్రదాయము చెప్పుచున్నది. ఆయనను బంధించిన చోటని చెప్పబడు చీకటి గదిని యాత్రికులు నేటికిని గోలకొండ కోటలో చూచుచున్నారు.

చెరలోని ఆయన ఆవేదనకు రూపమైన 'ఇక్ష్వాకు కులతిలక' కీర్తన తెలియని తెలుగువారు అరుదు. అందు దాసుడు స్వామిని స్తుతించుట లేదు, లెక్క అప్పజెప్పుచున్నాడు. ప్రాకారములు కట్టించితిని, సీతమ్మకు పతకము చేయించితిని, తమ్ములకు సొమ్ములు పెట్టితిని అని ఒక్కొక్కటియే ఎత్తి చూపి, వాటికైన వ్యయమును కూడ చెప్పును. ఉద్యోగి గదా, పద్దు మరువలేదు! అంతటితో ఆగక దశరథుని పేరును, జనకుని పేరును కూడ తెచ్చి దెప్పిపొడుచును. తుదకు, దెబ్బలకు తాళలేక తిట్టితినని చెప్పి, స్వామిని నొచ్చుకొనవలదని బ్రతిమాలును.

ఇచ్చట గమనింపదగిన విషయమొకటి కలదు. క్షమాపణ వచ్చినదని తిట్లను తుడిచివేయలేదు. రెండును ఒకే కీర్తనలో నిలిచినవి. భజన గోష్ఠులలో రెంటిని రాముని యెదుటనే పాడుచున్నారు. ఆ క్షమాపణలోనైనను, దెబ్బలు నొప్పి పెట్టలేదని దాసుడు అబద్ధమాడలేదు. లేడనుకొన్నవానితో ఎవరును జగడమాడరు. అలుక అయినవారిపైననే.

పోతన్నగారి గజేంద్రుని చూడుడు. సంస్కృత భాగవతము అష్టమ స్కంధమున గజేంద్రుడు పూర్వజన్మమున నేర్చిన స్తోత్రమును జపించును; అది వేదాంత గంభీరము. పోతన్న ఆ స్తుతిని తెనిగించుచు, మొసలి నోట చిక్కి బలము ఉడుగుచున్న ఆ ప్రాణిచేత, అసలు దేవుడనువాడు కలడా లేడా అను సంశయమును కూడ పలికించెను. శరణాగతి పద్యము ఆ సంశయమునకు తరువాతనే వచ్చును. తెలుగు పంతుళ్లు ఈ రెండు పద్యములను పిల్లలచేత వల్లె వేయించిరి. మొదటిది నాస్తికమని ఎవరును విడిచిపెట్టలేదు.

శోకింపవలదని గీతాచార్యుడు చెప్పలేదా యని కొందరడుగుదురు. చెప్పెను. కాని ఎప్పుడు? ప్రథమాధ్యాయమున అర్జునుడు విలపించుచున్నంతసేపు పగ్గములు పట్టి మౌనముగా వినిన తరువాత. ఆ అధ్యాయమునకు విషాదయోగమని పేరు వచ్చినది. పిదప కొంత మందలించినను, తత్త్వోపదేశము రెండవ అధ్యాయము 11వ శ్లోకమునగాని మొదలుకాలేదు. ఏడవ అధ్యాయమున నలువిధములైన భక్తులను పేర్కొనుచు భగవానుడు మొట్టమొదట చెప్పినది ఆర్తుని. ఓదార్పబోవు మనవారు మాత్రము విషాదయోగమును దాటవేసి ఒక్క అంగలో ఉపదేశమునకు దూకుచున్నారు.

రామదాసు కథకు వత్తము. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అను పేర్లతో రాత్రివేళ తానాషా కడకేగి, బాకీ పైకము చెల్లించి రసీదు పొందిరని ప్రతీతి. దాసునకు చెర తీరినది. కాని కథ చెప్పువారు అంతటితో ఆపరు. విడుదలయైన దాసునకు అప్పుడొక క్రొత్త నిష్ఠురము పుట్టినదట: "ఇన్నేండ్లు పిలిచిన నాకు కనబడక, పిలువని తానాషాకు కనబడితివా, రామా!"