థెరపిస్టు గీత దాటితే

గోడకి నీటిరంగుల బొమ్మ ఒకటి. తుఫాను సముద్రంలో తెడ్డు వేస్తున్న ఒంటరి మనిషి. కోర్టు గొడవల వల్ల తప్పక కౌన్సెలింగుకి వచ్చిన విల్ అనే కుర్రాడు ఆ బొమ్మను చూసి వెక్కిరిస్తాడు. వేసినవాడి బతుకంతా ఆ రంగుల్లో చదివేసినట్టు ఒక్కో మాటా గుచ్చుతూ పోయి, చివరికి పెళ్లాం సంగతి ఎత్తుతాడు. బొమ్మ వేసింది ఎదురుగా ఉన్న సైకాలజిస్టు షానే. అతని భార్య క్యాన్సర్‌తో పోయింది. అంతే, షాన్ చెయ్యి కుర్రాడి గొంతు మీద ఉంటుంది.

‘గుడ్ విల్ హంటింగ్’ (1997) సినిమాలో ఇది మొదటి సెషన్. తర్వాతి వాటిలో షాన్ తన సంసారం కబుర్లన్నీ కుర్రాడికి చెబుతాడు. అతన్ని పార్కు బెంచీ మీద కూర్చోబెట్టి మాట్లాడతాడు. అతని భవిష్యత్తు గురించి పాత స్నేహితుడైన ప్రొఫెసరుతో అరుచుకుంటాడు. చివర్లో గట్టిగా కౌగిలించుకుంటాడు. రాబిన్ విలియమ్స్‌కి ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ వచ్చింది. హైదరాబాదులో ఏ కౌన్సెలరైనా పేషెంటు గొంతు పట్టుకుంటే సాయంత్రానికల్లా క్లినిక్ ముందు టీవీ చానళ్ల మైకులు బారులు తీరతాయి. సినిమాలో మాత్రం ఆ గొంతు పట్టుకున్న చెయ్యి మీదే మనకు నమ్మకం కుదురుతుంది. ఈ పొగరుబోతుకి తగినవాడు దొరికాడనుకుని కుర్చీలో కాస్త ముందుకి జరుగుతాం.

సుమోలు గాల్లోకి లేస్తే ఈలలు వేసిన జనానికి ఇదొక లెక్కా అనొచ్చు. కానీ సుమో లేచినప్పుడు మెకానిక్కు కూడా మనతోపాటు ఈల వేస్తాడు. ఈ సీను వచ్చినప్పుడు మాత్రం హాల్లో ఉన్న క్లినికల్ సైకాలజిస్టు ఈల వెయ్యడు. ఈ వ్యాసకర్తకి ఆసక్తి కలిగించింది ఆ తేడాయే. భౌతికశాస్త్రాన్ని తుంగలో తొక్కినా నిలిచే నమ్మకం, ఒక వృత్తి నియమం తప్పగానే కొందరికి ఎందుకు చెదురుతుంది, ఇంకొందరికి ఎందుకు చెదరదు?

నమ్మలేని సంగతుల మీద అనుమానాన్ని ప్రేక్షకుడు కాసేపు ఇష్టపూర్వకంగా పక్కన పెడతాడన్న మాట కోలరిడ్జ్ 1817లో రాశాడు. అందరూ ఆయన్నే తలుచుకుంటారు. అంతకు ఎనిమిది వందల ఏళ్ల ముందే కశ్మీరులో అభినవగుప్తుడు నాట్యశాస్త్రానికి వ్యాఖ్య రాస్తూ రసానికి అడ్డుపడే విఘ్నాలు ఏడని లెక్కకట్టాడు. వాటిలో మొట్టమొదటిది, ఇలా జరిగే వీలుందన్న నమ్మకం ప్రేక్షకుడికి కలగకపోవడం. దానికి విరుగుడూ ఆయనే చెప్పాడు. లోకంలో మామూలుగా జరగని పనులు చూపించాలంటే రాముడి వంటి ప్రసిద్ధులను పాత్రలుగా పెట్టుకోవాలి. తరతరాలుగా విన్న కీర్తి కాబట్టి రాముడు చేశాడంటే ఎవరూ ఎదురు అడగరు. మూడో విఘ్నం ఇంకా సూక్ష్మమైనది. చూసేవాడు తన సొంత సుఖదుఃఖాల్లోనే మునిగిపోయి ఉండటం. అలాంటివాడికి ఎదురుగా ఎంత గొప్ప నాటకం ఆడుతున్నా మనసుకెక్కదు.

ఈ రెండు విఘ్నాలతోనే మన తెర మీది మానసిక వైద్యం చాలావరకు అర్థమైపోతుంది. ‘చంద్రముఖి’ (2005) తీసుకోండి. పన్నెండేళ్ల కిందటి మలయాళ ‘మణిచిత్రతాళు’ దీనికి మూలం. తమిళంలో కూడా నాట్యకత్తె చంద్రముఖి పాడేది తెలుగే కాబట్టి మన ప్రేక్షకులకి ఇంకాస్త దగ్గరైంది. ఇందులో సైకియాట్రిస్టు పేషెంటు భర్తకి ప్రాణమిత్రుడు. అతిథిగా వచ్చి ఆ ఇంట్లోనే మకాం. జబ్బు ఎవరికో తేలాక ఆ మనిషికి తప్ప దాదాపు అందరికీ చెబుతాడు. వైద్యానికి ఆమె అనుమతి అడిగినవాడు లేడు. కావాలని రెచ్చగొట్టి ఆమెలోని ఇంకో మనిషిని బయటికి లాగుతాడు. భూతవైద్యుడితో చేతులు కలిపి, ఆమె చేత బొమ్మను చంపించి, జబ్బు నయం చేస్తాడు. వృత్తి నియమావళి పట్టుకుని కూర్చుంటే దాదాపు ప్రతి పేజీకీ ఒక ఉల్లంఘన దొరుకుతుంది. అయినా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. డాక్టరుగా ఉన్నది రజనీకాంత్ మరి. అభినవగుప్తుడు రాముడికి ఇచ్చిన వెసులుబాటు ఇక్కడ స్టారుకి దక్కింది.

అమెరికన్ సైకియాట్రిస్టు ఇర్వింగ్ ష్నైడర్ 1987లో సినిమా సైకియాట్రిస్టులను మూడు రకాలుగా విడదీశాడు: తిక్క డాక్టరు, దుష్ట డాక్టరు, అద్భుత డాక్టరు. తెలుగు సినిమాలో మొదటి రకానికి కొదవ లేదు, ఎర్రగడ్డ పేరు చెబితే చాలు ఒక కామెడీ బిట్టు తయారు. దుష్ట డాక్టరుని చూసి ఎవరూ మోసపోరు. చిక్కంతా మూడోవాడితోనే. వాడికి ఎప్పుడూ తీరికే, ఫీజు ఊసెత్తడు, అర్ధరాత్రి తలుపు కొట్టినా తీస్తాడు, నియమం దాటిన ప్రతిసారీ పేషెంటు ఇంకాస్త బాగుపడతాడు. షాన్ ఈ జాతివాడే.

అయితే తెలుగు తెర మీద ఈ విషయాన్ని అద్భుత డాక్టరు భ్రమ లేకుండా చూపించిన సినిమా ఒకటుంది. 1960లో గుత్తా రామినీడు దర్శకత్వంలో వచ్చిన ‘చివరకు మిగిలేది’. దాని మూలం అశుతోష్ ముఖర్జీ కథ. ముందు బెంగాలీలో సుచిత్రా సేన్‌తో ‘దీప్ జ్వేలే జాయ్’గా, తర్వాత హిందీలో వహీదా రెహమాన్‌తో ‘ఖామోషీ’గా వచ్చిన కథే ఇది. తెలుగులో నర్సు పాత్ర సావిత్రిది. ప్రేమలో దెబ్బతిని మతి చెదిరిన యువకుడికి మందుతో కాక ప్రేమతో నయం చేయాలని పెద్ద డాక్టరు తలపెడతాడు. ప్రేమించేది నర్సు. అంటే ప్రేమించినట్టు నటించేది. ఒకడికి నయమవుతుంది, వెళ్లిపోతాడు. ఆమె మాత్రం నటించడం ఎప్పుడో మానేసి నిజంగానే మనసిచ్చేసి ఉంటుంది. ఆ గాయం మానకముందే రెండో పేషెంటు వస్తాడు. (ఈ సినిమాతోనే తెరకి పరిచయమైన ఎం. ప్రభాకర్ రెడ్డి అసలు జీవితంలో ఎంబీబీఎస్ డాక్టరు. ఈ ప్రయోగం గురించి ఆయన ఏమనుకున్నాడో ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది.)

ఈ వైద్యం ఎక్కడా జరిగేది కాదు. పేషెంటుని మోసం చేయడమే చికిత్స, ఉద్యోగిని మనసుని సిరంజిలా వాడుకోవడమే పద్ధతి. ఏ కాలేజీలోనూ చెప్పరు, ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. అయినా ఈ కథను నమ్ముతాం. డాక్టరు తన ప్రయోగం నెగ్గిందని సంబరపడే క్షణానికి నర్సు తానే పేషెంటుగా మారిపోయి ఉంటుంది. తప్పు జరిగిందని, దాని ఖర్చు ఎవరి ఖాతాలో పడిందో కథకి తెలుసు. అసంభవమైన చికిత్సను ఆ తెలివిడే మోసుకుపోతుంది.

ఇలా చూస్తే ‘నిజంగా ఇలా జరుగుతుందా’ అన్నది సరైన ప్రశ్న కాదు. నిజంలో ఇంతకన్నా ఘోరాలు జరిగాయి. ఫ్రాయిడ్ 1918లో సొంత కూతురు అన్నానే తన సోఫా మీద పడుకోబెట్టి సైకోఎనాలిసిస్ మొదలుపెట్టాడు. కన్న తండ్రికి కూతురు తన కలలు, కోరికలు విప్పి చెప్పుకోవడం. ఏ రచయితైనా ఇది సీరియల్లో రాస్తే ప్రొడ్యూసరు మరీ అతిగా ఉందని కొట్టేస్తాడు. యుంగ్‌కి తన పేషెంటు సబీనా ష్పీల్‌రైన్‌తో నడిచిన అనుబంధం ఉత్తరాల సాక్షిగా బయటపడి, 2011లో ‘ఎ డేంజరస్ మెథడ్’ సినిమా అయింది. నియమాలన్నీ ఇలాంటి అనుభవాల తర్వాత ఒక్కొక్కటిగా రాసుకున్నవే.

ఆ నియమాలైనా రాతిమీద చెక్కినవి కావు. 1969లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో చదువుకుంటున్న ఒక భారతీయ విద్యార్థి, తాను మనసుపడ్డ అమ్మాయిని చంపుతానని తన సైకాలజిస్టుకి చెప్పాడు. సైకాలజిస్టు క్యాంపస్ పోలీసులకి కబురు చేశాడు. వాళ్లు పిలిచి మాట్లాడి వదిలేశారు. అమ్మాయికి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆమె హత్యకు గురైంది. తరాసోఫ్ కేసుగా చట్టం పుస్తకాల్లోకెక్కిన ఆ వ్యవహారంలో 1976లో రాష్ట్ర సుప్రీంకోర్టు, ముప్పు ముంచుకొస్తున్న మనిషిని కాపాడే బాధ్యత థెరపిస్టుకి కూడా ఉందని తేల్చింది. అంతవరకూ రహస్యం కాపాడటమే ధర్మం, ఆ తీర్పు తర్వాత కొన్ని రహస్యాలు దాచడం తప్పు. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా పేషెంటు గోప్యతను హక్కుగా ఇస్తూనే, ప్రాణాపాయం వంటి సందర్భాలకి మినహాయింపులు పెట్టింది.

అందుకే అసలు కౌన్సెలింగులో మొదటి సెషన్ చాలా చప్పగా మొదలవుతుంది. ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుంది, మీ ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పుందనిపిస్తే మాత్రం ఉండదు, నోట్సు రాసుకుంటాను, మీకు ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయొచ్చు. ఆ తర్వాత ఒక సంతకం. సినిమావాళ్లు ఈ అయిదు నిమిషాలని కత్తిరించి పారేస్తారు. ఉత్కంఠ మొత్తం ఆ ‘ఉండదు’ అన్న ఒక్క మాటలోనే ఉందని వాళ్లకి ఎవరైనా చెప్పాలి.

దీన్ని పట్టుకున్నది ఎక్కువగా ధారావాహికలే, వాటికి తీరిక ఎక్కువ. ఇజ్రాయెల్ సీరియల్ ‘బెటిపుల్’ని అనుసరించి 2008లో వచ్చిన ‘ఇన్ ట్రీట్‌మెంట్’లో ఒక ఎపిసోడ్‌కి ఒక సెషన్. థెరపిస్టు పాల్ తనను ప్రేమిస్తున్నానన్న పేషెంటు వైపు జారుతూ, ఆ జారడం గురించి ప్రతి శుక్రవారం తన పాత గురువు దగ్గర తానే పేషెంటులా కూర్చుని వాదిస్తాడు. రెండో సీజన్‌కల్లా, చనిపోయిన ఒక పేషెంటు తండ్రి అతని మీద కేసు వేసి ఉంటాడు. ‘ష్రింకింగ్’ (2023) కామెడీ కాబట్టి మొదట్లో అద్భుత డాక్టరు జాతిదే అనిపిస్తుంది. థెరపిస్టు జిమ్మీ పేషెంటుని ఇంటికి తెచ్చి పెట్టుకుంటాడు, మాటలతో హింసించే మొగుణ్ని వదిలేయమని మరో పేషెంటుకి సూటిగా చెప్పేస్తాడు. మొదటి సీజన్ ఆఖర్లో ఆమె మొగుణ్ని కొండ అంచు నుంచి తోసేస్తుంది. నవ్వుతూ చూస్తున్నవాళ్లకి అప్పుడు గొంతులో పచ్చి వెలక్కాయ పడుతుంది.

మన దగ్గర ఈ చర్చకి ఇంకో బరువుంది. నిమ్హాన్స్ 2015-16లో నడిపిన జాతీయ సర్వే ప్రకారం చాలా మానసిక సమస్యల్లో నూటికి డెబ్బై మందికి పైగా చికిత్స అందడం లేదు. అంటే కోట్లమంది జీవితంలో చూసే మొదటి థెరపిస్టు తెర మీదివాడే. ‘డియర్ జిందగీ’ (2016) చూసి సముద్రం ఒడ్డున నడుస్తూ మాట్లాడే డాక్టరు ఉంటాడనుకుని వెళ్లినవాళ్లకి ట్యూబులైటు కింద ప్లాస్టిక్ కుర్చీ ఎదురవుతుంది. అయినా ఆ సినిమాకి ఒక మంచి మార్కు వెయ్యాలి. సెషన్లు బీచి మీద నడిపినా, తన వైఫల్యాలు చెప్పుకున్నా, అమ్మాయి తన మీద ఇష్టం బయటపెట్టినప్పుడు డాక్టరు మెత్తగా వద్దనేస్తాడు. చిన్న గీతలు దాటి పెద్ద గీత దగ్గర ఆగాడు. షారుఖ్ ఖాన్ చేత ప్రేమ వద్దనిపించడం బాక్సాఫీసు దృష్టితో చూస్తే అంతకన్నా పెద్ద సాహసం.

ఇక ఈ వాదానికి ఆయువుపట్టు లాంటి దృశ్యం ‘ది సొప్రానోస్’లో ఉంది. 2001లో వచ్చిన ఎపిసోడ్. మాఫియా నాయకుడు టోనీకి వైద్యం చేసే సైకియాట్రిస్టు మెల్ఫీ మీద పార్కింగు మెట్ల దగ్గర అత్యాచారం జరుగుతుంది. దొరికిన నేరస్థుణ్ని సాక్ష్యాల నిర్వహణలో పొరపాటు వల్ల వదిలేస్తారు. కొన్నాళ్లకి ఒక ఫాస్ట్‌ఫుడ్ దుకాణం గోడ మీద, ఆ నెల ఉత్తమ ఉద్యోగిగా వాడి ఫొటో ఆమెకి కనబడుతుంది. వారం వారం తన ఎదురుగా కూర్చునే మనిషికి ఒక్క ముక్క చెబితే చాలు, వాడు తెల్లారేసరికి మిగలడు. ఎపిసోడ్ చివర సెషన్లో ఆమె ఏడుస్తుంది. టోనీ దగ్గరికి వచ్చి, ఏమైనా చెప్పాలా అన్నట్టు అడుగుతాడు. ఆమె లేదంటుంది. అక్కడికి కట్.

చెప్పెయ్, చెప్పెయ్ అని పళ్లు కొరుక్కున్న ప్రేక్షకుల్లో ధర్మాత్ములూ ఉన్నారు. వాళ్లకి కావలసింది నియమోల్లంఘన. కథ ఇవ్వలేదు. సీరియల్ సృష్టికర్త డేవిడ్ చేజ్ ఆ దారాన్ని మళ్లీ అందుకోనూ లేదు. నియమం తప్పితే నమ్మకం పోతుందా అని మొదలైన ప్రశ్న ఇక్కడ తిరగబడుతుంది. నియమం నిలబెట్టుకోవడమే నమ్మశక్యం కానంత కష్టంగా కనిపించి, అందువల్లే ఆ మనిషి నిజమైపోయింది. ఆ పాత్ర వేసిన లొరెయిన్ బ్రాకోని అమెరికన్ సైకోఎనలిటిక్ అసోసియేషన్ పిలిచి గౌరవించింది.

అదే మెల్ఫీ 2007లో, సీరియల్ ముగియడానికి ఒక్క ఎపిసోడ్ ముందు, టోనీని వదిలించుకుంది. నేరస్థులకి ఈ మాటల వైద్యం ఇంకా బాగా అబద్ధమాడటం నేర్పుతుందన్న యోచెల్సన్, సామెనోల పరిశోధన గురించి ఒక విందులో విన్నది. అదే విందులో ఆమె సొంత సైకియాట్రిస్టు, ఆమె పేషెంటు ఎవరో పదిమందిలో బయటపెట్టేశాడు. ఆమె ఇంటికెళ్లి ఆ పరిశోధన చదివింది. తర్వాతి సెషన్లో టోనీతో గొడవపడి, ముందుమాట లేకుండా, మరొకరి దగ్గరికి సరిగా అప్పగించకుండా తలుపు వేసేసింది. మామూలు ప్రేక్షకుల్లో చాలామందికి ఆలస్యంగానైనా కళ్లు తెరిచిందనిపించింది. ఆమెను అంతకాలం మెచ్చుకున్న వృత్తివాళ్లలో కొందరికి మాత్రం అదే దృశ్యం మింగుడుపడలేదు. ఏళ్ల తరబడి చూసిన పేషెంటుని అలా ఒక్కరోజులో వదిలెయ్యడం ఆ ధారావాహిక మొత్తంలో ఆమె చేసిన పెద్ద తప్పని, మెల్ఫీ లాంటి మనిషి అలా చేస్తుందంటే నమ్మలేమని వాళ్ల వాదన.