మచ్చ నడక



పసిబిడ్డ చెంప మీద ఎర్రమచ్చ కనిపిస్తే చాలు, ఇంట్లో గ్రహణం మాట లేస్తుంది. పాపం, ఆ తల్లి చేసిందేమీ లేదు. అది చర్మంలోని రక్తనాళాల పని. మచ్చను చూసి బెంగపడకండి, దాని నడక చూడండి.

హెమాంజియోమా అనే రకం పుట్టిన కొన్ని వారాలకు తేలుతుంది. పొయ్యి మీద పాలలా గబగబా పొంగుతుంది. కొన్ని నెలలకు ఆగుతుంది. ఎరుపు వెలిసి, ఏళ్ల తరబడి మెల్లగా అణుగుతుంది.

పోర్ట్‌వైన్ మచ్చ అలా కాదు. పుట్టుకతోనే ఉంటుంది, చదునుగా, సాధువుగా. కానీ పోదు. బిడ్డతో పాటే పెరుగుతుంది. పెద్దయ్యాక ముదిరి దళసరి కావచ్చు. దానికి లేజర్ చికిత్స ఉంది.

అందుకే, నడక చూడండి. అప్పుడప్పుడూ ఫోటో తీసిపెట్టండి. మచ్చ కనురెప్ప మీద పొంగుతున్నా, గడ్డం, మెడ దగ్గర పెరిగి ఊపిరిలో గురగుర వినిపించినా, ఫోటోలతో కూర్చోకండి. వెంటనే డాక్టరుకు చూపించండి. పొంగును తగ్గించే మందు ఉంది, అది తొలి నెలల్లోనే బాగా పనిచేస్తుంది.