ధర తగ్గని చేను

వీడియో గేములు ఆడేవాళ్ళకి పనంటే ఒళ్ళు వంగదని మా కోనసీమలో చాలామంది నమ్మకం. నేను పగలు కొబ్బరితోట చూసుకుంటాను, రాత్రి భోజనాలయ్యాక కాసేపు ఆడతాను. నాకు అర్థమైనంతలో ఆటలోనూ మనిషి వెతుక్కునేది పనినే. కాకపోతే, పడ్డ కష్టానికి లెక్క తప్పని పని.

నాకిష్టమైన ఆట 'స్టార్‌డ్యూ వ్యాలీ'. ఎరిక్ బరోన్ అనే అమెరికా కుర్రాడు బొమ్మలు, సంగీతం, కథ అన్నీ ఒక్కడే తయారుచేసుకుని, నాలుగేళ్ళకు పైగా కష్టపడి 2016లో విడుదల చేశాడు. తాత వదిలిపోయిన పాడుబడ్డ పొలానికి తిరిగొచ్చి సాగు చేసుకోవడం అందులో కథ. రాళ్ళు ఏరాలి, మొద్దులు కొట్టాలి, మట్టి తవ్వి విత్తు వేయాలి, వాన పడని రోజు నీళ్ళు పోయాలి. పార్స్‌నిప్ అనే దుంప 4 రోజుల్లో చేతికొస్తుంది. ఆటలోని డబ్బులో విత్తనం ఖరీదు 20, దుంప అమ్మితే 35. ఇంటి పక్కనే ఒక చెక్కపెట్టె ఉంటుంది. సాయంత్రం పంట అందులో వేసి పడుకుంటే తెల్లారేసరికి డబ్బు జమ అయిపోతుంది. దిష్టిబొమ్మ పెట్టకపోతే కాకులు తినేస్తాయి, రుతువు మారేలోగా కోయకపోతే పంట పోతుంది. నష్టం అక్కడా ఉంది. ఎందుకు నష్టపోయామో మాత్రం తెలుస్తుంది.

ఒక రాత్రి మా పెదనాన్న పక్కన కూర్చుని చూశారు. ఆయన వయసంతా వరిచేలోనూ కొబ్బరితోటలోనూ గడిచింది.

"ఒక దుంప వేసినా వంద వేసినా అదే ధరా?"

"అదే ధర పెదనాన్నా."

"రోజూ తెచ్చి పోసినా తగ్గదూ?"

"తగ్గదు."

"మరి దళారీ?"

"లేడు."

కాసేపు ఊరుకుని, "ఇది చేసినోడికి రైతు బాధ తెలుసురా" అన్నారు.

ఆ మాట ఊరికే రాలేదు. మా దగ్గర దింపు కూలి, ఒలుపు కూలి, బండి కిరాయి ముందే ఖాయం. కాయ ధర మాత్రం రాశి పోశాక వ్యాపారి నోట రావాలి. అంబాజీపేట మార్కెట్టులో ధర ఎంత పలికిందో వినకుండా ఇక్కడ ఏ రైతు ఇంట్లోనూ పెళ్ళి ఖర్చు మాట్లాడుకోరు. ఆటలో పండ్లచెట్టు 28 రోజుల్లో ఎదుగుతుంది. దేశవాళీ కొబ్బరిమొక్క కాపుకి రావడానికి 6, 7 ఏళ్ళు పడుతుంది. 1996 నవంబరు 6 తుపానుకి నేలకూలిన తోటల చోట మళ్ళీ మొక్కలు పాతినవాళ్ళు ఆ ఏళ్ళన్నీ ఎలా నెగ్గుకొచ్చారో వాళ్ళకే తెలుసు. 2011 ఖరీఫ్‌లో ఇక్కడి రైతులు గిట్టుబాటు లేక, మురుగు నీరు దిగక, వరి వేయకుండా వేలాది ఎకరాలు బీడుపెట్టారు. పంట విరామం అన్నారు దాన్ని. కారణాలు తెలుసుకోవడానికి ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. సాగు తెలిసినవాడు తనంతట తాను నాగలి పక్కన పెట్టాడంటే అది బద్ధకమని ఎవరనగలరు?

బెర్నార్డ్ సూట్స్ అనే తత్వవేత్త 1978లో ఆట మీద ఒక పుస్తకం రాశాడు. అక్కర్లేని అడ్డంకుల్ని కోరి ఎదుర్కోవడమే ఆట అని ఆయన వాదన. నేను దాన్ని మా పొలం గట్టు మీద నిలబడి ఆలోచిస్తాను. రైతు తన అడ్డంకుల్ని కోరుకోలేదు. తెల్లదోమని, పూడిన కాలువని ఎవరూ ఎంచుకోరు. ఎంచుకున్న కష్టం మనిషికి హాయినిస్తుంది, మీద పడ్డ కష్టం నలుపుతుంది. చేసే చాకిరీ మాత్రం రెండుచోట్లా ఒకేలా ఉంటుంది.

ఆటలోని న్యాయం సులువైన న్యాయమని నాకు తెలుసు. ఆ పెట్టెలో పడ్డ దుంపని ఎవరూ వండుకుని తినరు, కొన్నవాడి జేబు ఖాళీ కాదు. ఆ న్యాయాన్ని తెచ్చి అంబాజీపేటలో దింపేయలేం. అయినా ఆ ఆట నాచేత ఒక అలవాటు మాన్పించింది. ధర వానలాగా పైనుంచి పడుతుందని మేమంతా అనుకుంటాం. నియమాలన్నీ ఒక మనిషి కూర్చుని రాసినవే అని ఆటలో ప్రతిరోజూ చూస్తున్నవాడు అలా అనుకోలేడు. కేంద్రం ఎండుకొబ్బరికి మద్దతు ధర ప్రకటిస్తుంది, కేంద్రం తరఫున కొనే నాఫెడ్ వచ్చినా ప్రధానంగా కొనేది ఎండుకొబ్బరే. చిన్నరైతు ఎక్కువగా అమ్ముకునేది కాయ. ఇదీ మనుషులు రాసిన నియమమే, మనుషులు మార్చగలిగిందే.

అన్ని ఆటలూ ఇలా ఉండవు. ఇక్కడ ఆన్‌లైన్ గేమ్ అనగానే పెద్దవాళ్ళకి గుర్తొచ్చేది రమ్మీ. వాళ్ళ భయం న్యాయమైనదే. 2020లో మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని దేశమంతా నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ని వేరుగా గుర్తిస్తూ చట్టం చేసింది. ఆ గీత గీయడం చాలా మంచి పని. రమ్మీ యాప్‌లో ఎవరు గెలిచినా ఎవరు ఓడినా యజమాని వాటా ముందే తెగిపోయేది. అక్కడా దళారీయే.

కాబట్టి మీ పిల్లలు ఆడుతుంటే ఫోను లాక్కునే ముందు పక్కన కూర్చోండి. ఇందులో ఎవరి డబ్బు పోతోంది, నియమాలు ఎవరు పెట్టారు, దళారీ ఉన్నాడా అని అడగండి. వాళ్ళు చెబుతారు. అవే ప్రశ్నలు రేపు మార్కెట్‌యార్డులో కూడా అడగడం వాళ్ళకి నేర్పండి.