బస్సు రాకకు ప్రమాణం ఏది?

ఒక జ్ఞానం నిజమని ఆ జ్ఞానమే చెప్పగలదా, లేక మరొకటి వచ్చి చెప్పాలా అన్న ప్రశ్న మీద భారతీయ దర్శనాల్లో మీమాంసకులకూ, న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులకూ మధ్య శతాబ్దాలపాటు వాదం నడిచింది. కలిగిన జ్ఞానం దాన్ని కొట్టివేసే మరో జ్ఞానం ఎదురయ్యేవరకు తనంతట తానే ప్రమాణమన్న స్వతఃప్రామాణ్య పక్షాన్ని కుమారిలభట్టు నిలబెట్టగా, ప్రామాణ్యం బయటినుంచి తేలవలసిందేనన్న పరతఃప్రామాణ్య పక్షాన్ని నైయాయికులు పట్టుకున్నారు. దూరాన కనిపించింది నీరో ఎండమావో అక్కడికి వెళ్లి తాగి, దాహం తీరినప్పుడు తేలుతుంది. ఇలా ప్రయత్నం ఫలించడమే వారు చెప్పిన ప్రవృత్తిసామర్థ్యం.

తెలంగాణ ఆర్టీసీ తన గురించి తాను రాసుకునే లెక్కలకు ఈ విచారం నేరుగా వర్తిస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ డిపో గేటు దాటిన బస్సులు, తిరిగిన కిలోమీటర్లు, నిండిన సీట్ల శాతాన్ని చెప్పే ఆక్యుపెన్సీ రేషియో, ఇవన్నీ సంస్థకు తన గురించి ఉన్న జ్ఞానమే. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం ఈ లెక్కల తనిఖీని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్‌కు, అంటే కాగ్‌కు అప్పగించింది కనుక, చట్టం నైయాయికుల వైపే నిలిచిందనాలి. సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతిలో తప్ప కాగ్‌ను తొలగించరాదనీ, పదవి వీడాక కేంద్రంలోగాని రాష్ట్రంలోగాని మరో ప్రభుత్వ పదవి చేపట్టరాదనీ రాజ్యాంగం 148వ అధికరణంలో చెప్పడం వెనుక, వివాదంలో స్వార్థమున్నవాడు సాక్షి కారాదన్న ధర్మశాస్త్ర నియమమే వినిపిస్తుంది.

మరి తనిఖీ చేసేవారిని తనిఖీ చేసేదెవరు? మీమాంసకులు సంధించిన ఈ అనవస్థా దోషానికి, అంటే అంతులేని పరంపరకు, సందేహం కలిగినచోటే పరీక్ష అవసరమనీ, దాహం తీరినవాడు ఆ తీరడాన్ని మళ్లీ పరీక్షించుకోడనీ న్యాయదర్శనం ఇచ్చిన సమాధానం చాలా విలువైనది. పనితీరు ఆడిట్ పొదుపు, సామర్థ్యం, ఫలసిద్ధి అనే మూడింటినీ అడుగుతుంది గాని, పరంపర ఆగేది మూడోదాని దగ్గరే. ఫలందాకా వెళ్లని తనిఖీ కాగితానికి కాగితాన్ని సాక్ష్యం పెట్టడమే అవుతుంది.

మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం కల్పిస్తూ 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద, ఆధార్ చూపిన మహిళకు కండక్టర్ టిమ్ అనే టికెట్ జారీ యంత్రం నుంచి చించి ఇచ్చే జీరో టికెట్, ప్రభుత్వం నుంచి రావలసిన సొమ్ముకు సంస్థ చూపే ఆధారం. అయితే ఆ చీటీ బస్సెక్కినవారికే పుడుతుంది. సాయంత్రం ఎల్.బి.నగర్ చౌరస్తాలో హయత్‌నగర్ బస్సు కోసం కూరగాయల సంచితో నిలబడిన స్త్రీ, ఫుట్‌బోర్డు దాకా కిక్కిరిసిన బస్సు ఆగకుండా పోతే, ఏ లెక్కలోనూ ఉండదు. కొన్నాళ్లకు ఆమె షేర్ ఆటోకు అలవాటుపడితే ఆ నష్టం కూడా ఎక్కడా నమోదు కాదు.

ఇక్కడ నైయాయికుడు కుమారిలుడి దగ్గరికి తిరిగి వెళ్లక తప్పదు. లేకపోవడాన్ని తెలుసుకోవడానికి ఆయన అనుయాయులైన భాట్టులు అనుపలబ్ధి అనే ప్రమాణాన్ని విడిగా అంగీకరించారు: ఉంటే కనిపించి తీరవలసినది కనిపించకపోవడమే అది లేదనడానికి ఆధారం. నేల మీద కుండ లేదని చెప్పాలంటే ముందు ఆ నేలను చూడాలి. రాని బస్సును తెలుసుకోవలసిన ఆడిటర్ డిపో రిజిస్టరు మూసి, ఆ స్త్రీ పక్కన, ఆమె నిలబడినంతసేపూ, ఆ స్టాపులో నిలబడాలి.