ఎవరి కోసం ఈ అందం?

అందమన్నది చూసేవాళ్ళ కోసమా, చేసేవాళ్ళ కోసమా? "ఇదీ ఒక ప్రశ్నేనా, ఇద్దరి కోసమూను" అనేస్తారు మీరు. కానీ అంత తేలిగ్గా తేల్చేయడానికి వీల్లేదండీ. ఏ మధ్యతరగతి ఇంటికయినా వెళ్ళి చూడండి. ముందుగదిలో సోఫాకు పూల గలీబులు, కిటికీలకు పరదాలు, అద్దాల బీరువాలో కొండపల్లి బొమ్మలు. వచ్చినవాళ్ళు అక్కడ కూర్చునేది అరగంట. ఇహ ఇల్లాలు రోజుకు అయిదారు గంటలు నిలబడే వంటింట్లోనో... వెలుతురు చాలని బల్బు, పిడి ఊడిన మూకుడు, ముందుగదిలోకి పనికిరాదని తెచ్చి పడేసిన స్టూలు! చూసేవాళ్ళకు అందం, చేసేవాళ్ళకు సర్దుబాటు. అదీ మన లెక్క.

ఈ మాట ఇప్పుడెందుకొచ్చిందంటే, ఈ మధ్య నేను నా కంప్యూటరు కీబోర్డుకు కొత్త మీటలు తెప్పించుకున్నాను. కీబోర్డు కాదు సుమండీ, మీటల నెత్తిన ఉండే టోపీలు మాత్రమే! కీక్యాప్‌లంటారు వాటిని. మెకానికల్ కీబోర్డులో మీట మీటకీ విడిగా ఒక స్విచ్చి ఉంటుంది. చాలావాటిల్లో ఆ స్విచ్చి మీద కూడిక గుర్తులాంటి చిన్న కాడ ఉంటుంది. దాని మీది టోపీని ఊడదీసి ఇంకొకటి పెట్టుకోవచ్చు, చెవులకు దిద్దులు మార్చుకున్నట్టు.

ఇవి వీధి చివర కొట్లో దొరికేవీ కావు. ఎవరో రంగులు కూర్చి నమూనా చూపిస్తారు. కావలసినవాళ్ళు ముందుగా డబ్బు కట్టాలి. తగినంతమంది పోగయితేనే అచ్చు వేస్తారు. నావి రావడానికి తొమ్మిది నెలలు పట్టింది. "తొమ్మిది నెలలు ఎదురుచూస్తే వచ్చింది ఈ ప్లాస్టిక్ బొత్తాలటే!" అని మా అత్తగారు బుగ్గ నొక్కుకున్నారు.

పెట్టె విప్పగానే మొదట నచ్చింది రంగే. మీగడ రంగు మీద ముదురాకుపచ్చ అక్షరాలు, ఎంటర్ మీట ఒక్కటీ కుంకుమ రంగు. రెండోది, స్పర్శ. పాత మీటలు ఏబీఎస్ అనే ప్లాస్టిక్కువి. వేళ్ళ రాపిడికి నున్నబడి నిగనిగలాడుతున్నాయి. ఇత్తడి బిందె మెరిస్తే ఇల్లాలు శుభ్రంగా తోమిందంటాం. మీట మెరిస్తే మాత్రం అరిగిందని అర్థం! కొత్తవి పీబీటీ రకం. కాస్త గరుకుగా, ఎండిన అప్పడంలా ఉన్నాయి. అంత త్వరగా నునుపెక్కవట. అక్షరాలు కూడా పైన పూసినవి కావు. ఒక రంగు ప్లాస్టిక్కులో ఇంకో రంగు ప్లాస్టిక్కు చేర్చి పోత పోసినవి. టోపీ అరిగినా అక్షరం చెరగదు. మూడోది, చప్పుడు. ఇదివరకు టపటపమనేది ఇప్పుడు కాస్త లోతుగా, చెక్క మీద వేలు పెట్టి తట్టినట్టు పలుకుతోంది.

"బాగానే ఉంది గానీ, వీటితో నవల బాగా వస్తుందా?" అన్నారు మావారు.

రాదు. ఆ మాట ముందే ఒప్పేసుకుంటాను. పైగా ఆ అక్షరాలు నేను చూడను కూడా చూడను. నేను తెలుగు కొట్టేది ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో. కే నొక్కితే క వస్తుంది, సరే. ఎల్ నొక్కితే త, హెచ్ నొక్కితే ప! మీట మొహం మీద రాసిందొకటి, లోపల్నించి వచ్చేది ఇంకొకటి. కళ్ళతో ఏం పని? ఎఫ్ మీదా, జె మీదా వేలికి తగిలే చిన్న గీత ఉంటుంది, అదే దారి చూపిస్తుంది. మీటల వరుసలు కూడా ఒకే వాలులో ఉండవు. వేలు చాపితే ఒక వాలు, ముడిస్తే ఒక వాలు. అంటే ఇదంతా వేళ్ళ కోసం, పనిచేసే మనిషి కోసం చేసిన ఏర్పాటు. వచ్చినవాళ్ళెవరూ నా రాతబల్ల దాకా రారు.

మరి ఆరువేల చిల్లర పోసింది దేనికి? అదే ఆరువేలు పెట్టి పట్టుచీర కొనుంటే ఇంట్లో ఒక్కరూ దేనికని అడిగుండరు. చీర నలుగురిలో కట్టుకునేది. నలుగురి కళ్ళకు చేసిన ఖర్చుకు సంజాయిషీ అక్కర్లేదు. ఆడది తన వేళ్ళ కోసం చేసుకున్న ఖర్చుకే కావాలి. కానీ ఆలోచించండి, పట్టుచీరలో మనం గడిపేది ఏడాదికి నాలుగు పూటలు. పనిలో గడిపేది జీవితం. బతుకులో ఎక్కువ భాగం ఎక్కడ పోతోందో అక్కడ కాస్త అందం ఉండాలనుకోవడం విలాసం ఎలా అవుతుంది?

అయితే ఇందులో మోసపోయే చోటొకటి ఉంది. మీటలు మార్చడమే పనైపోయి, రాయడం మానేస్తే ఆ సమర్థన చెల్లదు. కత్తిపీటకు పదును పెట్టించి కూర తరగనట్టే! అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. మా ఇంట్లో పనిచేసే చంద్రమ్మ బల్ల తుడుస్తూ, "పాతయి ఇరిగిపోయినాయా అమ్మా?" అంది.

"లేదు."

"మరి?"

"చేతికి బాగుంటాయని."

ఒక్క క్షణం ఆలోచించి, "మంచిదేలే అమ్మా. చేతికి బాగుంటే పని బరువనిపించదు" అని, వంగి కింద తుడవడం మొదలుపెట్టింది.

నాకు ఆ మాట అక్కడే ఆగిపోయింది. పనిముట్టు చేతికి నచ్చాలన్నది న్యాయమే అయితే, అది రాసే చేతికొక్కదానికేనా? మన ఇళ్ళల్లో చీపురు కొనేవాళ్ళొకరు, దాంతో నడుం వంచేవాళ్ళొకరు. బట్టలుతికే చోటికి బండ ఎంత ఎత్తులో ఉండాలో ఇల్లు కట్టించినాయన నిర్ణయిస్తాడు, ఎప్పుడూ ఒక్క చొక్కా ఉతకనాయన! చేసేవాళ్ళకూ అందం కావాలని నా కోసం వాదించుకున్నప్పుడు, ఆ వాదన వంటింటి గడప దగ్గరో, పెరటి గుమ్మం దగ్గరో ఆగిపోతే అది న్యాయం కాదు, నాకు వీలైన సాకు. నా ఆరువేలు తప్పా ఒప్పా అన్నది ఆ మీటల్లో లేదు. అదే హక్కు పక్క మనిషికి కూడా ఉందని నేను ఒప్పుకుంటానా లేదా అన్నదాంట్లో ఉంది.

పోయిన వారం నేల తుడిచే కర్ర కొనాల్సి వచ్చింది. చంద్రమ్మను కూడా కొట్టుకు తీసుకెళ్ళాను. నాలుగైదు పట్టుకుని చూసింది. పొడుగు సరిపోయినవి రెండు తేలాయి, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. ఎర్రది ఇరవై రూపాయలు ఎక్కువ.

ఎర్రదే కావాలంది. రంగుతో ఏం పని అని నేను అడగలేదు.